ఐదేళ్ల పికప్‌కి ఎక్స్‌టెండెడ్ వారంటీ: కట్టాలా, వద్దా?

పోయిన నెల మామిడి కొమ్మ కత్తిరింపుల వీడియోలో వెనకాల మా పికప్ కనిపించింది. చాలామంది అసలు విషయం వదిలేసి బండి గురించే అడిగారు. ఎంత తిరిగింది, ఎంత ఇస్తోంది, వారంటీ ఉందా, అయిపోయాక ఏం చేస్తావ్ అని. సరిగ్గా ఆ వారమే షోరూమ్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. "సార్, మీ వారంటీ జనవరికి అయిపోతుంది. ఇంకో రెండేళ్లు పొడిగించుకోండి, 32 వేలు ప్లస్ జీఎస్టీ" అని. పై వీడియోలో బండి కింద దూరి చూపించినవన్నీ ఆ ఫోన్ తర్వాత నేను చూసుకున్నవే. లెక్కలు వీడియోలో చెప్తే ఎవరికీ గుర్తుండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు మా బండి సంగతి. మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. మామిడి, కూరగాయలు, కొంచెం దేశవాళీ వరి. 2021 జనవరిలో బీఎస్ 6 డీజిల్ పికప్ కొన్నాను. వారానికి ఒకసారి హైదరాబాద్, మిగతా రోజుల్లో విజయవాడ, చుట్టుపక్కల ఊళ్లు. ఇప్పటికి 55 నెలలు, మీటర్ మీద 1,38,000 కిలోమీటర్లు. అంటే నెలకి 2,500 చొప్పున. ఈ 2,500 అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. కంపెనీ ఇచ్చిన మూడేళ్ల వారంటీ అయ్యాక నాలుగు, ఐదు సంవత్సరాలకి 19 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 22,420 కట్టి ఒకసారి పొడిగించుకున్నా. ఇప్పుడు అడుగుతున్నది ఆరు, ఏడు సంవత్సరాలకి. జీఎస్టీతో 37,760 అవుతుంది.

కాగితం చదివితే మొదట తగిలేది "ఏది ముందైతే అది" అనే మాట. రెండేళ్లు లేదా 2 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. జనవరికి నా మీటర్ లక్షన్నర చేరుతుంది. అక్కడి నుంచి 2 లక్షలకి ఉన్నది 50 వేలు. నెలకి 2,500 చొప్పున 20 నెలల్లో తిరిగేస్తా. అంటే రెండేళ్ల ప్లాన్ అని అమ్ముతున్నది నాకు 20 నెలల ప్లాన్. నెలకి 1,888 రూపాయలు, కిలోమీటర్‌కి 75 పైసల పైచిలుకు. షోరూమ్ కుర్రాడికి ఈ మాట చెప్తే "అవును సార్, కానీ మీరంత తిరగరు లెండి" అన్నాడు. నా బండి మీటర్ తన కంప్యూటర్‌లోనే ఉంది పాపం!

మీరూ ముందు ఈ ఒక్క లెక్క వేసుకోండి. మీ బండి నెలకి ఎంత తిరుగుతుందో తేల్చి, దాంతో ప్లాన్‌లో మిగిలిన కిలోమీటర్లని భాగించండి. వచ్చిన నెలలే మీరు నిజంగా కొంటున్నవి.

రెండోది, కవర్ అయ్యేవి ఏంటి, కానివి ఏంటి. నాలుగున్నరేళ్ల బిల్లులన్నీ మా ఆవిడ ఒక ఫైల్‌లో పెట్టింది. ఆ పుణ్యం ఆవిడదే, నాదైతే డ్యాష్‌బోర్డు డబ్బాలో చీకిపోయేవి. డీజిల్, టైర్లు, ఇన్సూరెన్స్, మామూలు సర్వీసులు పక్కన పెట్టి, చెడిపోయినందుకు పెట్టిన ఖర్చు మాత్రమే తీశాం. క్లచ్ సెట్ 14,500. బ్రేకులు మొత్తం మీద 11,200. వెనక కమాను కట్టలో పట్టీలు విరిగితే 6,200. బ్యాటరీ 6,800. వీల్ బేరింగులు, బాల్ జాయింట్లు 7,400. ఎలుకలు కొరికిన వైరింగ్ 3,100. పొగ గొట్టంలో ఉండే డీపీఎఫ్ క్లీనింగ్ 5,500. అన్నీ కలిపితే 54,700. వీటిలో ఒక్క రూపాయి కూడా వారంటీ కింద రాలేదు. అరిగే వస్తువులు అరుగుదల కిందికి పోయాయి, ఎలుకలు బయటి కారణం కిందికి పోయాయి, కమాను పట్టీలు ఓవర్‌లోడ్ కిందికి పోయాయి. ఓవర్‌లోడ్ మాట అబద్ధమని నేనూ అనలేను. ఘనజీవామృతం బస్తాలు ఆర్సీలో రాసిన బరువు చూసి ఎక్కించుకున్న రోజులు తక్కువ.

మరి వారంటీ కింద ఏం వచ్చాయి? రెండు ఇంజెక్టర్లు, లేబర్‌తో 38,600 అయ్యేవి. ఒక సెన్సార్ 7,900. మొత్తం 46,500. నేను కట్టింది 22,420. కాబట్టి మొదటిసారి పొడిగించుకున్నది నాకు నష్టం కాదు, 24 వేలు మిగిలాయి. ఇది దాచి "వారంటీలన్నీ మోసం" అని చెప్తే వీడియోకి చూసేవాళ్లు పెరుగుతారేమో గానీ అది నిజం కాదు. బీఎస్ 6 బండిలో హై ప్రెజర్ పంపు, ఇంజెక్టర్లు, టర్బో, ఈసీయూ, సెన్సార్లు, ఇవన్నీ ఖరీదైనవి, ఊళ్లో మెకానిక్ సుత్తి, స్పానర్‌తో బాగుచేసేవి కావు. ఎక్స్‌టెండెడ్ వారంటీకి ఏమైనా విలువ ఉందంటే వాటి దగ్గరే ఉంది. పాత బండ్లకి, మా బాబాయి దగ్గరున్న మెకానికల్ పంపు బండి లాంటివాటికి, ఈ గొడవే లేదు. ఆ వయసు బండికి ఎవరూ ప్లాన్ ఇవ్వరు, ఇచ్చినా తీసుకోనక్కర్లేదు. పంపు విప్పి కాలిబ్రేషన్ చేసే డీజిల్ షాపు ప్రతి పట్టణంలో ఉంటుంది.

ఇప్పుడు ఇంజెక్టర్లు పోయిన రాత్రి గురించి చెప్పాలి. ఎందుకంటే ఈసారి నా నిర్ణయం మారింది ఆ రాత్రి వల్లే.

2024 మే నెల. మామిడి మంచి ఊపులో ఉంది. 600 కిలోల బంగినపల్లి, 150 కిలోల కూరగాయలు, ఆకుకూరలు వేసుకుని రాత్రి పదింటికి బయల్దేరా. తెల్లారేసరికి హైదరాబాద్‌లో నాలుగు అపార్ట్‌మెంట్లకి, రెండు ఆర్గానిక్ షాపులకి ఇవ్వాలి. కోదాడ దాటాక బండి లాగడం తగ్గింది, సూర్యాపేట ఇంకా పాతిక కిలోమీటర్లు ఉందనగా ఇంజిన్ లైట్ వెలిగి, దడదడ కొట్టుకుని ఆగిపోయింది. రోడ్డు పక్కన, మే నెల వేడిలో, గోనెపట్టా కింద గోంగూర, పాలకూర. టోయింగ్ వాళ్లు వచ్చేసరికి రెండున్నర. వర్క్‌షాప్ తలుపులు తీసేది తొమ్మిదింటికి. ఇంకో బండి మాట్లాడుకుని సరుకు మార్చి పంపేసరికి మధ్యాహ్నం అయింది. ఆకుకూర మొత్తం పోయింది, 8 వేలు. మామిడి ఆలస్యంగా వెళ్లిందని ఒక షాపు వద్దంటే మార్కెట్‌లో వచ్చిన రేటుకి ఇచ్చేశాం, అక్కడ 6 వేలు పోయాయి. బండి కిరాయి 9,500.

బండికి మాత్రం అంతా ఉచితమే. కాకపోతే స్కానింగ్ చేసి, ఫోటోలు తీసి, కంపెనీకి పంపి, అక్కడి నుంచి "సరే" అని రావడానికి రెండు రోజులు. ఇంజెక్టర్లు రావడానికి ఇంకో రెండు రోజులు. ఆ నాలుగు రోజులు కోతకొచ్చిన కాయ చెట్టు మీదే ఉంది, విజయవాడ ఆర్డర్లు రెండు ఆపేశా.

ఆ రెండు రోజుల్లో ఇంకో భయం కూడా పట్టుకుంది. 80 వేల కిలోమీటర్ల సర్వీస్ నేను 82,300 దగ్గర చేయించా. వరి పనుల్లో పడి వెనకబెట్టా. సర్వీస్ అడ్వైజర్ ఆ తేదీ చూసి తల గీరుకున్నాడు. "సార్, ఇది పైవాళ్లు పట్టుకుంటే క్లెయిమ్ పోతుంది" అన్నాడు. ఆ తర్వాత డీజిల్ శాంపిల్ తీశారు. అదృష్టం బాగుండి నీళ్లు లేవు. ఇంజిన్ మోటార్ కోసం క్యాన్లలో తెచ్చి పెట్టుకున్న డీజిల్ అత్యవసరమైనప్పుడు బండిలో పోయడం నాకు అప్పటికి అలవాటే. మనలో చాలామందికి అలవాటే. పొలం షెడ్డులో తెరిచి మూసే క్యాన్‌లో దుమ్ము, తేమ చేరతాయి. బీఎస్ 6 ఇంజెక్టర్ రంధ్రాలు కంటికి కనిపించనంత సన్నవి. ఇంజెక్టర్ పోతే నష్టం ఒకటి, కారణం కల్తీ డీజిల్ అని తేలితే క్లెయిమ్ కూడా పోవడం రెండోది. ఆ రోజు నుంచి క్యాన్ డీజిల్ బండిలో పోయలేదు. బంకు బిల్లు ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుతున్నా.

కాబట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ అనేది బండిలో పార్టుకి ఇచ్చే హామీ. మన సరుక్కి కాదు, మన రోజుకి కాదు. కూరగాయలు పండించి మనమే అమ్ముకునే వాళ్లకి అసలు దెబ్బ తగిలేది రోజు పోయినప్పుడు. షోరూమ్‌లో ఆ మాట ఎవరూ ఎత్తరు, మనం కూడా అడగం.

"ఇన్సూరెన్స్ ఉంది కదా" అని కొందరు అంటారు. ఇన్సూరెన్స్ వేరు, ఇది వేరు. ఫుల్ ఇన్సూరెన్స్ అయినా యాక్సిడెంట్, దొంగతనం, మంటలు, వరద లాంటివాటికే. ఇంజిన్ తనంతట తాను చెడిపోతే ఇన్సూరెన్స్ రాదు. అదే వరదలో మునిగితే వారంటీ రాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు నీళ్లలో ఉన్న బండ్ల సంగతి మనవాళ్లకి తెలుసు. అక్కడ పనికొచ్చేది ఇన్సూరెన్సే. అందులోనూ నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ పాడు చేసుకుంటే, ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ లేకపోతే కష్టం. థర్డ్ పార్టీ మాత్రమే కట్టినవాళ్లకి సొంత బండికి ఏమీ రాదు. ఇక షోరూమ్ వాళ్లు అమ్మే ఏఎంసీ అనేది మూడో రకం. అది సర్వీస్ ఖర్చులకి ముందే కట్టే డబ్బు. కొన్ని ఏఎంసీల్లో క్లచ్, బ్రేకుల లాంటి అరిగే వస్తువులు కూడా ఉంటాయి. ఈ మూడూ కలిపి ఒకే మాటలో "అన్నీ కవర్ అవుతాయి సార్" అని చెప్పేవాళ్లుంటారు. ఏ కాగితం మీద ఏది ఉందో వేలు పెట్టి చూపించమనండి.

మన పనిలో ప్రత్యేకంగా వచ్చే తంటాలు కొన్ని ఉన్నాయి. జీవామృతం 200 లీటర్ల డ్రమ్ములు, గోమూత్రం క్యాన్లు తొణికి వెనక బాడీలో పడతాయి. ఉప్పు, అమ్మోనియా ఉన్న ద్రవం అది. మా బండి బాడీ నేల రెండుచోట్ల తుప్పు పట్టి రంధ్రం పడింది. అలాంటి తుప్పుకి వారంటీ వర్తించదు. వీడియోలో చూపించినట్టు ఇప్పుడు కింద రబ్బరు మ్యాట్ వేసి, దిగాక నీళ్లతో కడిగేస్తున్నా. ఛాసిస్ వైపు కూడా పైపు పెట్టి కడగాలి. అలాగే బరువు కోసం అదనపు కమాను పట్టీలు వేయించడం, బయటి లైట్లు, హారన్ కోసం వైరింగ్ కోసి అతికించడం. ఇవి చేస్తే ఆ భాగానికి సంబంధించిన క్లెయిమ్ దగ్గర వాదన మొదలవుతుంది. డీపీఎఫ్ తీయించేసి ఖాళీ గొట్టం పెట్టించేవాళ్లూ ఉన్నారు. దానివల్ల వారంటీ పోతుంది, పొల్యూషన్ నిబంధనలకీ విరుద్ధం. విషం లేని తిండి అమ్ముతూ ఆ పని చేయడం నాకైతే మనసొప్పదు.

సరే, నేనేం చేస్తున్నానో చెప్తా.

మే నెల దెబ్బ తర్వాత మా చుట్టుపక్కల ఇంకో ఇద్దరు రైతులతో మాట్లాడా. ముగ్గురివీ హైదరాబాద్ సరుకులే, మూడు బండ్లు సగం సగం నిండి వెళ్తున్నాయి. ఇప్పుడు ముగ్గురం కలిసి వారానికి ఒక బండి కిరాయికి మాట్లాడుకున్నాం. ట్రిప్పుకి 12 వేలు, నా వాటా 4 వేలు. సొంత బండిలో వెళ్తే డీజిల్, టోల్, డ్రైవర్ కలిపి 8 వేలకి పైనే అయ్యేది. బండి దారిలో ఆగితే ఇంకో బండి పంపే బాధ్యత కిరాయి ఆయనదే, అది కాగితం మీద రాసుకున్నాం. ఇది మొదలై రెండు నెలలైంది. సరుకు దింపేటప్పుడు మనం లేకపోతే ఎలా అని భయపడ్డా గానీ, ముగ్గురిలో ఒకరం వంతులవారీగా వెళ్తున్నాం.

దాంతో ఇక నా బండి తిరిగేది నెలకి వెయ్యి కిలోమీటర్లే. పాత లెక్క తలకిందులైంది. రెండేళ్లలో 24 వేలు తిరుగుతుంది. అదే 37,760 ఇప్పుడు కిలోమీటర్‌కి రూపాయి 57 పైసలు. హైవే మీద అర్ధరాత్రి ఆగే ప్రమాదం లేదు. విజయవాడ దారిలో ఆగితే గంటలో ఇంకో ఆటో దొరుకుతుంది. అందుకని నేను కట్టడం లేదు. ఆ 37,760 విడిగా ఒక ఖాతాలో వేస్తున్నా. నెలకి 1,500 దానికి కలుపుతా. రెండేళ్లకి ముట్టుకోకుండా ఉంటే 73 వేల పైన ఉంటుంది. ఈ ఖాతా నుంచి క్లచ్‌కైనా తీయొచ్చు, ఇంజెక్టర్‌కైనా తీయొచ్చు. ఇది అరుగుదల, అది కాదు అని చెప్పేవాడు ఉండడు.

మా ఆవిడ ఒకటే ప్రశ్న వేసింది. "మరి ఫిబ్రవరిలోనే ఇంజిన్ మొత్తం పోతే? లక్షన్నర ఎక్కణ్ణించి తెస్తారండీ?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఖాతాలో ఉన్నది 40 వేలు కూడా ఉండదు అప్పటికి. మిగతాదానికి గోల్డ్ లోనే దిక్కు. ఇప్పటిదాకా ఆయిల్ తాగడం లేదు, కంప్రెషన్ బాగుంది, అన్ని సర్వీసులూ రికార్డులో ఉన్నాయి, ఆ ధైర్యంతో తీసుకుంటున్న రిస్క్ ఇది. ఆ లక్షన్నర వస్తే ఇల్లు గడవడం ఆగిపోతుంది అనుకునే పరిస్థితిలో మీరుంటే, నా దారి పట్టకండి. బండి నెలకి రెండు వేలకి పైన తిరుగుతూ, సర్వీస్ బిల్లులన్నీ ఉండి, బీఎస్ 6 అయితే కట్టేయండి. నాతో డిప్లొమా చదివిన మిత్రుడు ఒకడు మదనపల్లె నుంచి టమాటా తోలుతాడు, బండికి రెండున్నరేళ్లు. అతనికి కట్టమనే చెప్పా. అతని విషయంలో ఆలస్యం చేస్తేనే నష్టం, ఎందుకంటే మొదటి వారంటీ నడుస్తుండగా తీసుకుంటే రేటు తక్కువ, గడువు దాటాక చాలాచోట్ల అసలు ఇవ్వరు.

తక్కువ తిరగడంలో ఒక చిక్కు ఉంది, అది కూడా చెప్పాలి. బీఎస్ 6 బండిలో డీపీఎఫ్ అంటే మసిని పట్టే జల్లెడ. పొగ బాగా వేడెక్కినప్పుడు ఆ మసి దానంతటదే కాలిపోతుంది. హైవే మీద ఒక అరగంట ఏకధాటిగా నడిస్తే ఆ పని జరుగుతుంది. పొలం, ఊరు, పొలం అని ఐదేసి కిలోమీటర్లు తిరిగితే మసి పేరుకుంటుంది, లైట్ వెలుగుతుంది. లైట్ వెలిగినా అలాగే తిప్పితే పెద్ద ఖర్చు, అదీ చాలా ప్లాన్లలో నిర్వహణ లోపం కిందికే పోతుంది. అందుకే విజయవాడ ట్రిప్పులు రెండు చిన్నవి చేయకుండా ఒకటే పెద్దది చేస్తున్నా. దారి బాగున్నచోట ఆపకుండా నడుపుతున్నా.

ఇప్పటికే ప్లాన్ కట్టినవాళ్లు ఎవరికైనా క్లెయిమ్ కాదంటే, నోటి మాటతో వెనక్కి రాకండి. ఏ నిబంధన కింద కాదన్నారో రాసివ్వమనండి. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. "పికప్ కమర్షియల్ బండి, వినియోగదారుల చట్టం మీకు వర్తించదు" అని కొందరు భయపెడతారు. 2019 చట్టంలో స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునేదాన్ని వాణిజ్య అవసరం కింద లెక్కించరని స్పష్టంగా ఉంది. సొంత పంట తోలుకునే రైతు ఆ మాట గట్టిగా అడగొచ్చు.

నా వారంటీకి ఇంకా ఐదు నెలలుంది. ఆ ఐదు నెలలు వదులుకోను. మూడో గేర్‌లో సన్నగా ఒక కూత వస్తోంది, టర్బో పైపు దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. వచ్చే మంగళవారం వర్క్‌షాప్‌కి తీసుకెళ్తున్నా. పూర్తి స్కాన్ రిపోర్ట్ అడుగుతా. ఈ రెండు కంప్లయింట్లూ జాబ్ కార్డ్‌లో నా ఎదురుగానే రాయిస్తా, "చూశాం, ఏమీ లేదు" అన్నా సరే, ఆ మాట కూడా తేదీతో రాయిస్తా. గడువు లోపల రాయించిన కంప్లయింట్ జనవరి తర్వాత పెద్దదైతే అడగడానికి చేతిలో కాగితం ఉంటుంది. గేర్‌బాక్స్ విప్పితే ఆ వీడియో కూడా పెడతా.